మోకాలు మార్పిడి తర్వాత ఇంట్లో: ఏది మామూలు, దేనికి ఫోన్ చేయాలి

"మేడమ్, అత్తయ్య కాలు తొడ నుంచి పాదం దాకా నల్లగా అయిపోయింది. లోపల ఏమైనా తేడా కొట్టిందంటారా?"

మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించడం నా పని. ఇంటికొచ్చిన నాలుగో రోజో ఐదో రోజో ఇలాంటి ఫోన్ తప్పకుండా వస్తుంది. ఆ తర్వాత వరసగా అవే ప్రశ్నలు. వాపు ఎందుకు తగ్గట్లేదు? మోకాలు ఎందుకింత వేడిగా ఉంది? పక్కన చర్మం మొద్దుబారిపోయిందేంటి? నడుస్తుంటే టక్ టక్‌మంటోంది, లోపల ఊడిందా? డిశ్చార్జి రోజు ఆస్పత్రిలో ఇవన్నీ చెప్తారు. కానీ బిల్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, మందుల సంచి, కారు హడావిడిలో అవి ఎవరి చెవికీ ఎక్కవు. అందుకని ఇంట్లో ఏ రోజు ఏం చేయాలో, ఏం చూసుకోవాలో వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. ఈ ఆపరేషన్ తర్వాత నొప్పి, వాపు, వేడి, ఎరుపు అందరికీ ఉంటాయి. ఎంత ఉన్నాయన్నదాని కంటే అవి ఎటు పోతున్నాయో చూడాలి. నిన్నటి కన్నా ఇవాళ కాస్త నయమా? కాలు ఎత్తిపెట్టి పడుకుంటే దిగుతోందా? మాత్రకు లొంగుతోందా? అలాగైతే ఓపిక పట్టొచ్చు. రోజురోజుకీ పెరుగుతున్నా, రాత్రంతా పడుకున్నా దిగకపోయినా ఫోన్ చేయాల్సిందే. కింద రాసినవన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

ఇంకో మాట. మీ సర్జన్ గారు మీ కాలును లోపలి నుంచి చూసినవారు. ఇక్కడ రాసినదానికీ ఆయన చెప్పినదానికీ తేడా ఉంటే ఆయన మాటే వినండి. ముఖ్యంగా రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకున్నవాళ్లకు, రెండోసారి మార్పించుకున్నవాళ్లకు గడువులు వేరుగా ఉంటాయి.

ఏమేం కావాలి

- ఒక నోటు పుస్తకం, బాల్ పెన్ను
- డిజిటల్ థర్మామీటర్
- టైలర్ టేపు
- ఐస్ ప్యాకులు రెండు, పలచటి కాటన్ టవల్. ప్యాకు లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన బఠాణీల ప్యాకెట్ ఇంకా బాగా మోకాలికి అతుక్కుంటుంది.
- వాకర్. చేతులు పక్కకు వదిలి నిలబడితే దాని పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి.
- చేతులున్న గట్టి కుర్చీ. కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కన్నా కిందికి దిగకూడదు. మెత్తటి సోఫా, నవారు మంచం పనికిరావు.
- వెస్ట్రన్ టాయిలెట్ లేని ఇంట్లో కమోడ్ కుర్చీ. వాకర్లూ, కమోడ్ కుర్చీలూ చాలా ఊళ్లలో సర్జికల్ షాపులవాళ్లు అద్దెకిస్తారు, అడగండి.
- షుగర్ ఉంటే ఇంట్లో చూసుకునే మిషన్

పేషెంట్ ఇంటికి రాకముందే నేల మీద పట్టాలు, చాపలు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు తీసేయండి. వాకర్ కాలు వాటిలోనే ఇరుక్కుంటుంది.

1. వచ్చిన రోజే మొదటి లెక్క రాసి పెట్టండి

ఇది చాలామంది చేయరు. చేయకపోతే ఐదో రోజు "వాపు పెరిగింది" అనిపించినప్పుడు దేనితో పోల్చి చెప్తారు?

మోకాలి చిప్ప కింది అంచు నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. ఆ చుక్క దగ్గర పిక్క చుట్టూ టేపు వేసి ఎంతుందో రాయండి. రెండో కాలికీ అలాగే. రోజూ అదే చుక్క దగ్గర కొలవాలి. కాలిని ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయండి. అదే మంచం, అదే వెలుతురు ఉంటే పోల్చడం సులువు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే వాళ్లకు పంపాల్సినవి ఈ ఫొటోలే. వీడియో కాల్‌లో ఊగే కెమెరాలో చూసి వాళ్లు మీకన్నా ఎక్కువ టెన్షన్ పడతారు.

2. ఉదయం, సాయంత్రం నాలుగు చూడండి

గాయం: డ్రెస్సింగ్ పొడిగా ఉండాలి. మొదటి రోజుల్లో ఎండిపోయిన చిన్న రక్తపు మరక ఉంటే ఫర్వాలేదు. ఆ మరక అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. సాయంత్రానికి గీత దాటి పాకిందా? అయితే ఫోన్ చేయండి. చర్మం మీద ఎరుపు కనిపించినా ఇదే చిట్కా. గీత లోపలే ఉంటే, మర్నాటికి వెలిసిపోతుంటే భయం లేదు. కుట్లు లేదా క్లిప్పులు సాధారణంగా 12 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. అప్పటిదాకా డ్రెస్సింగ్‌ను మీ అంతట మీరు విప్పొద్దు.

పిక్క: కొలత, నొక్కితే నొప్పి, గట్టిదనం.

జ్వరం: మాత్ర వేయకముందే చూడాలి. నొప్పికి వేసే పారాసెటమాల్ జ్వరాన్నీ దించేస్తుంది. మాత్ర వేసిన గంటకు థర్మామీటర్ పెట్టి "జ్వరం లేదులే" అనుకునే ఇళ్లు ఎన్నో చూశాను. మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు కాస్త వెచ్చబడటం మామూలే. ఇంటికొచ్చాక 100.4 దాటితే మాత్రం ఆస్పత్రికి చెప్పండి.

పాదం: వేళ్లు, పాదం పైకి లేపగలుగుతున్నారా? వేళ్లు వెచ్చగా, రంగు మామూలుగా ఉన్నాయా? పాదం పైకి లేవకుండా వేలాడుతుంటే అది నరానికి సంబంధించినది, అదే రోజు చెప్పాలి.

ఈ నాలుగూ చూడటానికి ఐదు నిమిషాలు చాలు. తేదీ వేసి ఒక్క లైను రాయండి.

3. నొప్పి వెనక పరిగెత్తకుండా దాన్ని ముందే పట్టండి

"ఆస్పత్రిలో హాయిగా ఉంది, ఇంటికొచ్చాకే నొప్పి పెరిగింది" అని దాదాపు అందరూ అంటారు. ఆపరేషన్ సమయంలో మోకాలి చుట్టూ, నరం దగ్గరా ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. సరిగ్గా అప్పుడే డిశ్చార్జి అవుతుంది. పైగా కారెక్కడం, దిగడం, ఇంట్లో తిరగడం మొదలవుతాయి. కాబట్టి ఆ పెరుగుదలకు కంగారు పడొద్దు.

మొదటి రెండు వారాలు మాత్రలు చీటీలో రాసిన వేళకే వేయండి. నొప్పి బాగా ముదిరాక వేస్తే మాత్ర పట్టుకోవడానికి చాలా సమయం పడుతుంది. వ్యాయామానికి అరగంట, ముప్పావు గంట ముందు మాత్ర పడేలా చూసుకుంటే మోకాలు బాగా వంగుతుంది. "మాత్రలు ఎక్కువైతే కిడ్నీలు పోతాయి" అని భయపడి పూర్తిగా మానేసి, నొప్పికి వ్యాయామం కూడా మానేసినవాళ్ల మోకాళ్లు బిగుసుకుపోవడం చూశాను. భయం ఉంటే మానకండి, ఏ మాత్ర తగ్గించొచ్చో డాక్టర్‌ను అడగండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చీటీలోని నొప్పి మాత్రలో ట్రమడాల్‌తో పాటు పారాసెటమాల్ కూడా కలిసి ఉండొచ్చు. అది తెలియక పైన డోలో 650 కూడా వేస్తుంటారు, అదీ పారాసెటమాలే. రోజు మొత్తం మీద పారాసెటమాల్ 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచని పెద్దవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువే. ప్రతి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు ఒకసారి చదవండి, లేదా ఫొటో తీసి అడగండి. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కలపొద్దు. రక్తం పలచన చేసే మందుతో అవి కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

ట్రమడాల్ వల్ల కొందరికి వికారం, కళ్లు తిరగడం, మలబద్ధకం వస్తాయి. పెద్దవయసు వాళ్లు రాత్రుళ్లు అయోమయంగా మాట్లాడొచ్చు, లేని మనుషులను ఉన్నారనొచ్చు. "మతి పోయింది" అని ఏడవకండి, ఆలస్యమూ చేయకండి. మందు, సోడియం తగ్గడం, యూరిన్ ఇన్ఫెక్షన్, ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే డాక్టర్‌కు చెప్తే చాలావరకు సర్దుకుంటుంది.

సరిపడా చేస్తున్నారో లేదో ఇలా తెలుసుకోండి: వ్యాయామం తర్వాత నొప్పి పెరుగుతుంది, గంట రెండు గంటల్లో దిగిపోవాలి. మర్నాడు ఉదయానికి వాపూ నొప్పీ రెండూ నిన్నటి కన్నా ఎక్కువగా ఉంటే నిన్న ఎక్కువ చేశారని అర్థం. ఆ రోజు సగం చేయండి. పూర్తిగా మాత్రం మానొద్దు.

4. వాపు, నలుపు, వేడి

మొదట్లో అడిగిన నల్లటి కాలి సంగతి. ఆపరేషన్‌లో లోపల చేరిన రక్తం చర్మం కిందుగా మెల్లగా కిందికి జారుతుంది. తొడ వెనక ఊదా రంగు, పిక్క దగ్గర ఆకుపచ్చ, చీలమండ దగ్గర పసుపు, ఇలా రంగులు మారుతూ రెండు మూడు వారాల్లో పోతుంది. రక్తం పలచన చేసే మందు వేసుకునేవాళ్లకు ఇంకా బాగా కనిపిస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది, నిజమే. కానీ రంగు మారుతూ కిందికి దిగుతోందంటే ఒళ్లు దాన్ని పీల్చుకుంటోందని అర్థం.

వాపు మొదటి రెండు వారాలు బాగా ఉంటుంది, మూడు నాలుగు నెలల దాకా సాయంత్రం వేళ కనిపిస్తూనే ఉంటుంది. మోకాలి వేడి ఆరు నెలలు కూడా ఉండొచ్చు.

ఏం చేయాలంటే: వెల్లకిలా పడుకుని మడమ, పిక్కల కింద దిండ్లు పెట్టి పాదం గుండె కన్నా ఎత్తులో ఉండేలా చూడండి. అరగంట చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. కుర్చీలో కూర్చుని స్టూలు మీద కాలు పెడితే పాదం గుండె కన్నా కిందే ఉంటుంది, దానివల్ల వాపు దిగదు. ఐస్ 15 నుంచి 20 నిమిషాలు, టవల్ చుట్టి, డ్రెస్సింగ్ తడవకుండా. మోకాలి పక్కన చర్మానికి స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒకసారి తీసి చర్మం చూడండి. వేడినీళ్ల సంచి, కాపడం వద్దు. మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు.

నూనె పట్టించి కాలు పిసకడం మన ఇళ్లలో ప్రేమగా చేసే పని. ఈ కాలికి మాత్రం చేయకండి. ముఖ్యంగా పిక్క. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే పిసికినప్పుడు అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గాయం మీద పసుపు, ఆకు పసరు, పౌడరు ఏదీ వేయొద్దు. ఎముక కట్టు కట్టేవాళ్ల దగ్గరకూ తీసుకెళ్లొద్దు. గడ్డ కట్టకుండా ఉండాలంటే మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ 20 సార్లు ఆడించాలి, ఇచ్చిన మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. మర్చిపోతే రెండు కలిపి వేయొద్దు, ఫోన్ చేసి అడగండి.

5. మోకాలి కింద దిండు పెట్టొద్దు

నన్ను ఎక్కువగా బాధపెట్టే పొరపాటు ఇదే. గుంటూరులో ఒక ఇంటికి మూడో వారంలో పిలిచారు. కొడుకు తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద రెండు దిండ్లు పెట్టాడు, ఆమె రాత్రీ పగలూ అలాగే పడుకుంది. దిండ్లు తీసి కాలు చాపమన్నాను. మోకాలి వెనక, మంచానికీ కాలికీ మధ్య నా పిడికిలి మొత్తం దూరింది. కింద ఆనించమంటే ఆమె తొడ కండరం వణికింది తప్ప ఖాళీ తగ్గలేదు. ఆ సందు మూయడానికి ఐదు వారాలు పట్టింది, రోజూ కన్నీళ్లతో. కొడుకు పక్కనే నిలబడి "నేనే పెట్టాను మేడమ్" అని నాలుగైదు సార్లన్నాడు. ఎవరూ అతనికి చెప్పలేదంతే.

మోకాలు కాస్త మడిచి ఉంచితే హాయిగా ఉంటుంది. ఆ హాయిలోనే వెనక కండరాలు బిగుసుకుపోతాయి. పూర్తిగా చాపలేని కాలితో నడిస్తే జీవితాంతం కుంటు మిగులుతుంది. అందుకే నేను వంచడం కంటే చాపడం గురించే ముందు అడుగుతాను.

చాపడానికి: చుట్టిన టవల్‌ను మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఖాళీగా వదిలేయండి. 5 నిమిషాలతో మొదలుపెట్టి 10 దాకా, రోజుకు నాలుగైదు సార్లు. అలా ఉంచి తొడ కండరం బిగించి మోకాలిని కిందికి నొక్కండి, 5 లెక్కపెట్టి వదలండి. 10 సార్లు.

వంచడానికి: మంచం మీద మేజోడు వేసుకుని మడమ కింద పాలిథిన్ కవరు పరవండి. మడమ జారుతూ మీ వైపుకు వస్తుంది. లాగి, కాస్త ఆపి, వదలండి. 10 సార్లు, రోజుకు మూడు పూటలు. కుర్చీలో కూర్చుని కూడా చేయొచ్చు: మంచి కాలిని ఆపరేషన్ కాలి ముందుకు తెచ్చి, దానితో మెల్లగా వెనక్కి నెట్టండి. ఇంకొకరు పట్టుకుని బలవంతంగా వంచొద్దు. మీ కాలును మీరే వంచుకోవాలి.

సరిగా వస్తోందో లేదో ఇలా చూడండి. వెల్లకిలా పడుకుంటే మోకాలి వెనక వేళ్లు దూరకూడదు. వంపు కోసం గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని పాదం వెనక్కి లాగండి, బొటనవేలి దగ్గర నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. ప్రతి ఆదివారం కొత్త గీత. రెండు వారాలకు సుమారు 90 డిగ్రీలు, అంటే కుర్చీలో పాదం మోకాలికి సరిగ్గా కిందికి రావాలి. ఆరు వారాలకు 110 చుట్టుపక్కల వస్తే చాలా పనులు జరుగుతాయి. ఆరు వారాలకూ 90 రాకపోతే "మెల్లగా వస్తుందిలే" అని ఆగకండి. మత్తు ఇచ్చి మోకాలు వంచే పద్ధతి ఒకటి ఉంది. అది సాధారణంగా మొదటి మూడు నెలల లోపు చేస్తేనే బాగా పనిచేస్తుంది.

6. నడక, మెట్లు

ఆపరేషన్ రోజో మర్నాడో ఆస్పత్రిలోనే నిలబెడతారు. ఇంట్లో గంటకోసారి కొద్దిగా నడవండి. ఒకేసారి వీధి చివరిదాకా వెళ్లి సాయంత్రం వాపుతో పడుకోవడం కంటే అది మేలు. వాకర్ ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. మడమ ముందు ఆనాలి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. రైలింగ్ పట్టుకునే, మొదటిసారి ఒకరు పక్కన ఉండగానే.

మూడు నుంచి ఆరు వారాల మధ్య చాలామంది కర్రకు మారతారు. కర్ర ఆపరేషన్ కాలి వైపు పట్టుకోవడం అందరూ చేసే తప్పు. అది రెండో చేతిలో ఉండాలి. కర్రతో నడుస్తుంటే పక్కకు ఒరుగుతున్నారా? అయితే ఇంకో వారం వాకరే వాడండి, అందులో నామోషీ ఏమీ లేదు.

7. స్నానం, దొడ్డి, పూజ

గాయం తడవకుండా కుర్చీలో కూర్చుని స్నానం. గాయం పూర్తిగా మానేదాకా తొట్టి, చెరువు, కోనేరు, నదీ స్నానం వద్దు. గొంతుక్కూర్చునే టాయిలెట్‌కు వెళ్లొద్దు. నేల మీద బాసింపట్టు, ముక్కాలి పీట కూడా వద్దు. పూజ, నమాజు కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. చాలా గుళ్లలో, మసీదుల్లో ఇప్పుడు కుర్చీలు వేస్తున్నారు కూడా.

8. పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

ఆపరేషన్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు జాబితా చెప్తారు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ, గోంగూర తింటే దురద, గుడ్డు వేడి, పెరుగు జలుబు. చివరికి మిగిలేది చారన్నం, బీరకాయ కూర, ఇడ్లీ. రెండు వారాలకు మనిషి నీరసించిపోతుంది, గాయం మానదు, వ్యాయామం చేసే ఓపిక ఉండదు.

పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల. గాయం మానాలన్నా, తొడ కండరం తిరిగి రావాలన్నా ప్రొటీన్ కావాలి. పప్పు, గుడ్డు, చేప, చికెన్, పాలు, పెరుగు, ఉడికించిన శనగలు, పెసరట్టు ఏదైనా సరే, మూడు పూటలా ఏదో ఒకటి పళ్లెంలో ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో వాళ్ల డాక్టర్‌ను అడగాలి. అత్తగారితో, అమ్మతో దీని మీద వాదన పెట్టుకోవద్దు. సర్జన్ గారికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి ఆయన నోటితోనే చెప్పించండి. నేను చాలా ఇళ్లలో అలాగే చేయించాను.

షుగర్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు అది పెరుగుతుంది. రోజూ రాసుకోండి. 200 దాటుతూనే ఉంటే షుగర్ డాక్టర్‌కు చెప్పండి. షుగర్ అదుపులో లేకపోతే గాయానికి ఇన్ఫెక్షన్ రావడం తేలిక.

మలబద్ధకం గురించి సిగ్గుపడి చెప్పరు. నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, కదలిక తగ్గడం, అన్నీ కలిసి మూడో రోజుకే మొదలవుతుంది. నీళ్లు, బొప్పాయి, జామ, ఆకుకూరలు, రాత్రి ఇసబ్‌గోల్. రక్తం పలచన చేసే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు. మూడు రోజులు అవకపోతే సిరప్ అడగండి. అవదేమో అన్న భయంతో అన్నం మానేస్తే ఇంకా బిగుస్తుంది.

9. నిద్ర, మనసు

రాత్రి రెండు గంటలకు మెలకువ, ఎటు తిరిగినా కుదరదు. ఆరు వారాల దాకా ఇలా ఉండటం మామూలే. పడుకునే ముందు ఐస్, నొప్పి మాత్ర వేళ రాత్రికి సరిపోయేలా డాక్టర్‌తో మార్పించుకోవడం, పగటి నిద్ర అరగంటకు తగ్గించడం, ఇవి పనిచేస్తాయి. పక్కకు తిరిగి పడుకోవాలంటే ఆపరేషన్ కాలు పైన ఉండేలా తిరిగి, రెండు కాళ్ల మధ్య తొడ నుంచి చీలమండ దాకా దిండు పెట్టుకోండి. ఇక్కడ దిండు పెట్టొచ్చు, ఎందుకంటే మోకాలు చాపే ఉంటుంది.

రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య చాలామంది కుంగిపోతారు. "ఎందుకు చేయించుకున్నానా" అని ఏడుస్తారు. అది బలహీనత కాదు. నొప్పి, నిద్ర లేమి, ఇంకొకరి మీద ఆధారపడటం, అన్నీ కలిసి చేసే పని. పరామర్శకు వచ్చినవాళ్లు "మా వదిన పదో రోజుకే మార్కెట్‌కు వెళ్లింది" అంటారు. వాళ్ల వదిన కాలు వేరు. చూడటానికి వచ్చేవాళ్లకు దయచేసి ఒక మాట: పోలికలు చెప్పకండి, కాసేపు పక్కన కూర్చుని వ్యాయామం లెక్కపెట్టండి. కుంగుబాటు ఆరు వారాలకూ తగ్గకపోయినా, తిండి మానేసినా, చచ్చిపోతే బాగుండు అన్నా ఆ మాటను తేలిగ్గా తీసుకోకుండా అప్పుడే డాక్టర్‌కు చెప్పండి.

10. భయపెడతాయి గానీ మామూలువే

టక్ టక్ శబ్దం: "చిప్ప మార్చారు" అంటాం గానీ నిజానికి తొడ ఎముక చివర, కాలి ఎముక పైన లోహపు తొడుగులు వేసి మధ్యలో గట్టి ప్లాస్టిక్ పెడతారు. లోహం ప్లాస్టిక్‌కు తగిలితే చప్పుడవుతుంది. నొప్పి లేకపోతే పట్టించుకోవద్దు. చప్పుడుతో పాటు నొప్పి, మోకాలు జారిపోతున్నట్టు ఉంటే చూపించండి.

మొద్దుబారడం: కోత పడినచోట చర్మానికి వెళ్లే సన్నటి నరం తెగుతుంది. కోతకు బయటి వైపు అరచేయంత మేర స్పర్శ ఉండదు. ఏడాదిలో ఆ మేర తగ్గుతూ వస్తుంది, కొంత శాశ్వతంగా మిగలొచ్చు. నడకకు అడ్డు కాదు. మధ్యలో సూదులు గుచ్చినట్టు, కరెంటు పాకినట్టు అనిపించొచ్చు.

కాలు పొడుగైనట్టు, వంకరగా ఉన్నట్టు అనిపించడం: ఏళ్ల తరబడి దొడ్డికాళ్లతో నడిచినవాళ్లకు నిటారు కాలే కొత్త. కొన్ని నెలల్లో ఒళ్లు అలవాటు పడుతుంది.

మోకాలి చుట్టూ బెల్టు బిగించినట్టు ఉండటం, ఉదయం లేవగానే బిగుసుకుని నాలుగడుగులకు సర్దుకోవడం, నడుము నొప్పి, రెండో మోకాలి నొప్పి పెరగడం: ఇవన్నీ చూస్తూ ఉంటాను.

11. ఫోన్ ఎప్పుడు, 108 ఎప్పుడు

అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయాల్సినవి:

- ఆగకుండా తడి, చీము, వాసన. వారం దాటాక కొత్తగా కారడం మొదలైనా సరే.
- గీత దాటి పాకే ఎరుపు, చలితో జ్వరం
- బాగా తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, విశ్రాంతిలోనూ వదలకపోవడం
- పిక్క ఒక్కసారిగా ఉబ్బి గట్టిపడటం, నొక్కితే నొప్పి, రాత్రంతా ఎత్తిపెట్టినా కొలత దిగకపోవడం. మార్పిడి చేసిన కాలు ఎలాగూ లావుగానే ఉంటుంది కాబట్టి నిన్నటి కొలతతో పోల్చండి. రెండో కాలి కన్నా 3 సెంటీమీటర్లు దాటితే ఆలోచించకుండా చెప్పండి.
- నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి రక్తం
- కింద పడటం, నొప్పి లేకపోయినా

ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం: సర్జన్ ఫోన్ ఎత్తేదాకా ఆగకండి, 108కి చేయండి.

ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే మెడికల్ షాపులోనో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో యాంటీబయాటిక్ వేయించుకోవద్దు. పైకి తగ్గినట్టు కనిపించి లోపల లోహం చుట్టూ ముదురుతుంది. తర్వాత పరీక్షలో ఏ క్రిమో కూడా దొరక్కుండా పోవచ్చు. తొందరగా దొరికితే లోపల కడిగి మోకాలిని కాపాడుకునే అవకాశం ఉంది. ఆలస్యమైతే పెట్టిందంతా తీయాల్సి రావచ్చు.

12. ఆరు వారాల తర్వాత

బండి, కారు నడపడం సాధారణంగా ఆరు వారాల తర్వాత, సర్జన్ సరేనన్నాకే. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లాలనుకుంటే టికెట్ కొనే ముందే అడగండి. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం గడ్డ కట్టడానికి దారి తీస్తుంది కాబట్టి ఎక్కువమంది మూడు నెలలు ఆగమంటారు. ఎయిర్‌పోర్టులో మెటల్ డిటెక్టర్ మోగొచ్చు, భయపడక మోకాలు చూపించి చెప్పండి. పన్ను తీయించుకోవాలన్నా, పుండు పడినా, మూత్రంలో మంట వచ్చినా "మోకాలు మార్చారు" అని ముందే చెప్పండి. ఒంట్లో ఎక్కడ క్రిమి చేరినా రక్తంలోంచి ఆ మోకాలికి చేరొచ్చు. ఇది ఏళ్లు గడిచినా మర్చిపోకూడదు.

13. ఫోన్‌లో ఏం చెప్పాలి

"కాలు బాగోలేదండీ" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు, "రేపు రండి" అంటారు. నోటు పుస్తకం ముందు పెట్టుకుని ఇలా చెప్పండి:

"పేరు ఫలానా. కుడి మోకాలు, ఇవాళ తొమ్మిదో రోజు. షుగర్ ఉంది. జ్వరం 101, మాత్ర వేయకముందు చూశాం. కోత కింది చివర నిన్న సాయంత్రం నుంచి తడి, ఎరుపు మా గీత దాటి రెండు వేళ్లు పాకింది. పిక్క కొలత నిన్నటంతే ఉంది. మూడు ఫొటోలు పంపాను. ఇప్పుడే తీసుకురమ్మంటారా?"

ఇందులో ఖాళీలు వదిలి ఒక కాగితం మీద రాసి, కింద సర్జన్ నంబరు, ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు, 108 వేసి పేషెంట్ మంచం పక్క గోడకు అంటించండి. రాత్రి పూట పక్కన పడుకునేవాళ్లు ఎవరైనా సరే, లైటు వేయగానే కనపడేలా.